‘స్కర్రీ’ క్రియ: ప్రతిధ్వని పదం స్వతంత్ర ధాతువైన తీరు

1. ప్రవేశిక

ఆంగ్లంలో వేగంగా కదలడాన్ని సూచించే క్రియలలో ‘స్కర్రీ’ ఒకటి. తెలుగు చేసేటప్పుడు దీనిని ‘పరుగెత్తు’ అనే మాటతో సరిపెట్టుకోవడం సులభం. అయితే ఈ క్రియ అర్థంలో ఒక ప్రత్యేకత, పుట్టుకలో ఒక విశేషం ఉన్నాయి. ఆ రెండింటినీ వివరించి, తెలుగు పదనిర్మాణంతో పోల్చి చూడడం ఈ వ్యాసం లక్ష్యం.

2. అర్థపరిధి

పొట్టి అడుగులతో, తొందరతొందరగా, ఒకింత కంగారుగా కదలడం ‘స్కర్రీ’. ఎలుకలు, చిన్న పురుగులు, వాన మొదలవగానే నీడ వెతుక్కునే జనం, గాలికి దొర్లే ఎండుటాకులు ఈ క్రియకు సహజమైన కర్తలు. ఏనుగు ఎంత వేగంగా పరుగెత్తినా దానికి ఈ క్రియ అతకదు. అంటే ఇందులో వేగంతోపాటు కదిలే వస్తువు పరిమాణం, అడుగుల తీరు, మనఃస్థితి కూడా ఇమిడి ఉన్నాయి. నామవాచకంగా ఇది పొట్టి గుర్రప్పందేన్ని కూడా సూచించింది.

3. వ్యుత్పత్తి

తొందరపడడమనే అర్థంలో ‘హర్రీ’ 16వ శతాబ్ది చివరి దశకంలో, షేక్స్పియర్ రచనలలో కనిపిస్తుంది. గుయ్యిమని చప్పుడు చేయడమనే అర్థం గల మధ్యాంగ్ల క్రియ ‘హర్రెన్’తో దీనికి సంబంధం ఉండవచ్చునంటారు. దీని మీద ప్రాస కలిపి ఏర్పడిన ‘హర్రీ-స్కర్రీ’ 18వ శతాబ్ది పూర్వార్ధంలో వ్యవహారంలోకి వచ్చింది. 1750లో థామస్ గ్రే రాసిన ‘ఎ లాంగ్ స్టోరీ’ కావ్యంలో ఈ జంటపదం ఉంది. ఒంటరి క్రియగా ‘స్కర్రీ’ స్థిరపడింది మాత్రం 19వ శతాబ్దిలో. ఈ కాలక్రమాన్ని బట్టి, జంటలోని రెండవ భాగమే విడివడి క్రియగా మారిందని నిఘంటుకారులు ఎక్కువగా భావిస్తారు. శత్రువుల జాడ తీసే వేగును తెలిపే ‘స్కరియర్’ అనే పాత నామం కూడా దీనికి తోడ్పడి ఉండవచ్చునన్నది మరొక అభిప్రాయం.

మొదటి అభిప్రాయానికి బలమిచ్చే సాదృశ్యం ఒకటి ఉంది. ‘హెల్టర్-స్కెల్టర్’, ‘హేరమ్-స్కేరమ్’ అనే జంటలలోనూ హకారం స్థానంలో ‘స్క’ చేరింది. వీటిలో ‘స్కెల్టర్’ కూడా 19వ శతాబ్దిలో ఒంటరి క్రియగా ప్రయోగంలోకి వచ్చింది.

4. ‘స్క’ ధ్వని

స్కాంపర్, స్కటిల్, స్కడ్, స్కూట్ క్రియలన్నీ చురుకైన కదలికనే తెలుపుతాయి. అయినా వీటన్నిటికీ మూలం ఒకటే అనుకోరాదు. ఉదాహరణకు ‘స్కాంపర్’ను మైదానం అనే అర్థం గల లాటిన్ ‘కాంపస్’తో ముడిపెడతారు. మైదానం విడిచి పారిపోవడం దాని తొలి భావం. మూలాలు వేరైనా ఒకే ధ్వని ఒకే భావచ్ఛాయను పంచుకునే ఇటువంటి స్థితికి 1930లో జె. ఆర్. ఫర్త్ ‘ఫోనెస్థీమ్’ అని పేరు పెట్టాడు. జంట నుంచి విడివడిన ‘స్కర్రీ’ నిలదొక్కుకోవడానికి ఈ ధ్వనిసామ్యం తోడ్పడి ఉండవచ్చు.

5. తెలుగుతో పోలిక

తెలుగులోనూ ప్రతిధ్వని పదాలు విస్తారం. పదంలోని మొదటి అక్షరం స్థానంలో ‘గి’ లేదా ‘గీ’ చేరుతుంది: పులి గిలి, పరుగు గిరుగు. కానీ ‘గిరుగు’ ఒంటరిగా నిలవదు. ‘అలాంటిదేదైనా’ అనే భావం జంటకే గాని దాని రెండవ సగానికి చెందదు. ‘ఉరుకులు పరుగులు’ దీనికి భిన్నం. అందులో రెండూ సార్థక పదాలే. కాబట్టి ప్రతిధ్వని భాగం స్వతంత్ర క్రియ కావడం తెలుగు ప్రతిధ్వని పదాల సహజ మార్గం కాదు.

మరొక భేదం వాక్యనిర్మాణానిది. కదలిక తీరును ఆంగ్లం తరచుగా క్రియాధాతువులోనే ఇముడ్చుకుంటుందని లియొనార్డ్ టాల్మీ 1985లో వివరించాడు. తెలుగు ఆ తీరును ఎక్కువగా క్రియావిశేషణానికి అప్పగిస్తుంది: గబగబా నడిచాడు, బిలబిలా వచ్చారు, జరజరా పాకింది.

6. ముగింపు

‘స్కర్రీ’కి తెలుగులో ఏకపద సమానార్థకం వెదకడం కంటే, కర్తను బట్టి ధ్వన్యనుకరణాన్ని ఎంచుకోవడం మేలు. ‘ఎలుకలు కలుగులోకి పరుగెత్తాయి’ అంటే సమాచారం అందుతుంది. ‘ఎలుకలు కలుగులోకి తుర్రుమన్నాయి’ అంటే కదలిక కళ్లకు కడుతుంది. ధ్వని నుంచి పుట్టిన క్రియను అనువదించేటప్పుడు తెలుగులోని ధ్వనిసంపదను వాడుకోకపోతే మూలంలోని అర్థంలో సగం జారిపోతుంది. అనువాద బోధనలోనూ, ద్విభాషా నిఘంటు నిర్మాణంలోనూ ఈ అంశానికి తగిన చోటు దక్కాలి.