రేవు పక్కన పుట్టిన తెలుగు సువార్త

విశాఖపట్నం రేవులోకి ఓడ వస్తున్నప్పుడు దానికి ఎడమచేతివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంటుంది. కుడిచేతివైపు మూడు చిన్న కొండలుంటాయి. ఒక కొండమీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒక కొండమీద ఇషాక్ మదీనా దర్గా, ఇంకో కొండమీద మరియమాత ఆలయం. ఈ ఆలయమున్న కొండనే రాస్ హిల్ అంటారు. 1864లో రాస్ అనే దొర ఆ కొండమీద ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత ఆ ఇల్లు ప్రార్థనాలయమైంది. దొర సంగతి ఎవరికీ తెలియదు గాని పేరు మాత్రం కొండకు మిగిలిపోయింది.

దర్గా గురించి ఒక ముచ్చట చెబుతారు. రేవులోకి వచ్చే నావలు ఆ కొండ ముందుకు రాగానే తమ జెండాను మూడుసార్లు దించి ఎత్తి వందనం చేసేవట. 1907లో వెలువడిన విశాఖ జిల్లా గెజిటీరులో ఫ్రాన్సిస్ ఈ సంగతి రాశాడు. వేంకటేశ్వరస్వామి గుడి కట్టించింది ఒక యూరోపియన్ కెప్టెన్ అని చెబుతారు. సముద్రం మీద బతికేవాడికి ఒడ్డున ఏదో ఒక గుర్తు కావాలి. దీపస్తంభాలు లేని రోజుల్లో కొండమీద తెల్లగా కనబడే కట్టడమే నావికుడికి దారి చూపేది. అది గుడి అయినా, దర్గా అయినా, చర్చి అయినా ముందుగా అది ‘ఇల్లు చేరాం’ అనే కబురు.

ఇది విశాఖలోనే ఉన్న వింత కాదు. ఇటలీ సముద్రతీరంలో పోర్తోవెనెరే అనే చిన్న ఊరుంది. అక్కడ సముద్రంలోకి పొడుచుకొచ్చిన బండమీద అపొస్తలుడైన పేతురు పేరిట ఒక పాత చర్చి, ఊరికి ఎగువన లారెన్సు అనే హతసాక్షి పేరిట మరొకటి ఉన్నాయి. యాత్రికులు ప్రపంచం నలుమూలల నుంచి అక్కడికి వెళ్లి ఫొటోలు తీసుకుంటారు. మనకు అంత దూరం వెళ్లే పని లేదు. పాత పోస్టాఫీసు దాకా సిటీ బస్సు ఎక్కితే చాలు. పైగా విశాఖ కథోలిక సంఘానికి ఆ వైపుతో సంబంధం కూడా ఉంది. 1846లో ఇక్కడికి వచ్చిన ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు సవాయ్ ప్రాంతం వారు. ఇప్పుడది ఫ్రాన్సులో ఉంది గాని, ఆనాడు ఇటలీ భూభాగాన్ని కూడా ఏలిన సార్డీనియా రాజ్యంలోనిది. వాళ్లు మరుసటి ఏడాదే స్థాపించిన సెయింట్ అలోషియస్ పాఠశాల పాతనగరంలో నేటికీ నడుస్తోంది.

రాస్ హిల్ పండుగ డిసెంబరు 8న జరుగుతుంది. ఆ రోజు కొండంతా జనమే. క్రైస్తవులే కాదు, ఇతరులు కూడా కొవ్వొత్తులు పట్టుకుని ఎక్కుతారు. ఈ సందర్భంలోనే మన సంఘాల్లో ఒక ప్రశ్న లేస్తుంది. ముఖ్యంగా యవ్వనస్థుల కూటాల్లో తప్పకుండా వస్తుంది. ‘మనం ఆ కొండ ఎక్కవచ్చా? ఎక్కితే తప్పా?’

ఈ ప్రశ్న కొత్తది కాదు. సమరయ స్త్రీ సుఖారు బావి దగ్గర ప్రభువును అడిగింది సరిగ్గా ఇదే. మా పితరులు ఈ కొండమీద ఆరాధించారు, మీరేమో యెరూషలేము అంటున్నారు, ఏది సరైనదని అడిగింది (యోహాను 4:20). యూదుడైన ప్రభువు, రక్షణ యూదులలో నుండే కలుగుతుందని చెబుతూనే, తండ్రిని ఆరాధించడానికి ఈ కొండ గాని యెరూషలేము గాని అక్కరలేని ఘడియ వస్తోందన్నాడు. ఆత్మతోను సత్యంతోను ఆరాధించేవారిని తండ్రి వెదకుచున్నాడన్నాడు. అంటే ప్రభువు ఆమెను ఒక కొండ దింపి ఇంకో కొండ ఎక్కించలేదు. కొండల పోటీనే ముగించాడు. కాబట్టి రాస్ హిల్ ఎక్కినంత మాత్రాన మన విశ్వాసానికి వచ్చే నష్టమేమీ లేదు, ఎక్కనంత మాత్రాన పెరిగే భక్తీ లేదు. అక్కడ మోకరించే తల్లిని చూసి నవ్వడం మాత్రం క్రైస్తవ లక్షణం కాదు. ఆమె మొక్కుబడి మనకు సమ్మతం కాకపోవచ్చు. ఆమె కన్నీళ్లు మాత్రం నిజమైనవే.

అయితే నా బాధ వేరు. మనవాళ్లు కొండ ఎక్కుతారు, హార్బరు కాలువ చూస్తారు, ఓడ వస్తే సంబరపడి ఫొటో తీసుకుంటారు, దిగి ఇంటికి వెళ్లిపోతారు. ఆ కొండల కిందనున్న పాతనగరంలో రెండు వందల ఏళ్ల క్రితం ఏం జరిగిందో నూటికి తొంభైమందికి తెలియదు. బోధకులలో కూడా తెలిసినవారు తక్కువే.

1805 జూలైలో ఇద్దరు యువకులు ఈ తీరాన దిగారు. ఒకరు జార్జి క్రాన్, ఇంకొకరు అగస్టస్ డెస్ గ్రాంజెస్. వారిని పంపినది లండన్ మిషనరీ సొసైటీ. అప్పటికది స్థాపించబడి పదేళ్లే. ఆ రోజుల్లో ఈస్టిండియా కంపెనీకి మిషనరీలంటే గిట్టదు. మతం పేరెత్తితే వ్యాపారం చెడుతుందని దాని భయం. కంపెనీ ఓడల్లో చోటు దొరకదు గనుక డేనిష్ ఓడ పట్టుకుని, డేన్‌ల ఏలుబడిలో ఉన్న తరంగంబాడిలో దిగి, అక్కడి నుంచి మద్రాసు మీదుగా విశాఖ చేరారు. కంపెనీ చట్టం సడలి మిషనరీలకు దారి తెరుచుకున్నది 1813లో. అప్పటికి వీరిద్దరూ లేరు.

వారు వచ్చేసరికి ఇక్కడ తెలుగు నేర్చుకోవడానికి ఇంగ్లీషులో అచ్చయిన వ్యాకరణం ఒక్కటి కూడా లేదు. కేరీ వ్యాకరణం 1814లో, కేంప్‌బెల్ వ్యాకరణం 1816లో వచ్చాయి. ఇక మనమంతా గొప్పగా చెప్పుకునే బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది. ఇవేవీ లేకుండా, స్థానిక పండితుల దగ్గర కూర్చుని, విన్నమాట విన్నట్టు రాసుకుని భాష పట్టుకోవాలి. అలా నేర్చుకున్న మూడు నాలుగేళ్లకే సువార్తలను తెలుగులోకి తేవడానికి పూనుకున్నారంటే అది తెగింపు అనాలో విశ్వాసం అనాలో!

వారికి చేయూత దొరికింది. ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు తరంగంబాడిలో క్రీస్తును నమ్ముకుని, తర్వాత విశాఖ వచ్చి వారితో కలిశాడు. తెలుగు తెలిసినవాడు, చదువుకున్నవాడు. మన సభల్లో దొరల పేర్లు చెబుతాం గాని ఆనందరాయర్ పేరు ఎత్తం. తర్జుమాలో వాక్యం కుదిరిందా లేదా అని చెప్పవలసినది ఆ భాషలో పుట్టిపెరిగినవాడే. ఆయనే లేకపోతే ఆ పని ఎంత దూరం సాగేదో!

ఆ కష్టం ఏపాటిదో కాస్త ఊహించండి. పాపం, పుణ్యం, మోక్షం, ధర్మం అన్నవి తెలుగులో వేల ఏళ్ల అర్థాలు మోస్తున్న మాటలు. వాటిని వాడితే పాత అర్థమే వినబడుతుంది, వాడకపోతే ఏ అర్థమూ వినబడదు. తెలుగు బైబిలు ఈ చిక్కును రెండు దారుల్లో దాటింది. బాప్తిస్మము అనే గ్రీకుమాటను అలాగే ఉంచేసింది, యోహాను సువార్త మొదట్లోని లోగోస్ అనే మాటకు ‘వాక్యము’ అని మన మాటే పెట్టింది. కొన్నిచోట్ల మాత్రం ఊరే సాయపడి ఉంటుంది. కిటికీ తెరిస్తే జాలరులు వలలు బాగుచేసుకుంటూ కనబడే ఊళ్లో కూర్చుని, వలలు బాగుచేసుకుంటున్న జెబెదయి కుమారుల కథ రాయడానికి మాటలు వెదుక్కోనక్కరలేదు గదా!

క్రాన్ 1809లో మరణించాడు. డెస్ గ్రాంజెస్ 1810లో మరణించాడు. వచ్చి అయిదేళ్లు తిరగకముందే ఇద్దరూ అయిపోయారు. చెప్పుకోదగ్గ తెలుగు సంఘమేదీ అప్పటికి ఏర్పడలేదు. ఈనాటి లెక్క ప్రకారమైతే ఆ పరిచర్య విఫలమైనట్టే. కూటాలకు జనం లేరు, రిపోర్టులో రాయడానికి ఏమీ లేదు. మిగిలినవి చేతిరాత కాగితాలు. మత్తయి, మార్కు, లూకా, అంతే. ఆ మూడు సువార్తలూ 1812లో బెంగాలులోని శ్రీరాంపూరు మిషను ప్రెస్సులో అచ్చయ్యాయి. అదే సంవత్సరం మార్చి 11న ఆ ప్రెస్సు అగ్నికి ఆహుతై, ఎన్నో భాషల అచ్చుదిమ్మలు కరిగిపోయాయి. అలాంటి ఏడాదిలో కూడా తెలుగు సువార్త లోకంలోకి వచ్చింది.

వీరికంటే ముందు ప్రయత్నమే లేదనడం సత్యం కాదు. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మను మిషనరీ అంతకు డెబ్బై, ఎనభై ఏళ్ల ముందే బైబిలును తెలుగు చేశాడు. ఆయన తెలుగు పుస్తకాలు కొన్ని 1746లో జర్మనీలోని హాలె నగరంలో అచ్చయ్యాయి కూడా. కాని ఆయన తెలుగు బైబిలు అచ్చుకు నోచుకోలేదు. తెలుగువాడి చేతికి అందినది విశాఖలో తయారైన సువార్తే.

మిగతా కథ కూడా ఈ ఊరిదే. ఎడ్వర్డ్ ప్రిచెట్‌ను మొదట రంగూన్‌కు పంపారు. వెంట వచ్చిన తోటి మిషనరీ అక్కడే చనిపోతే ఆయన 1811లో విశాఖ వచ్చాడు. మొత్తం కొత్త నిబంధనను తెలుగులో సిద్ధం చేశాడు. అది 1818లో మద్రాసులో అచ్చయింది. రెండేళ్లకే ఆయనా పోయాడు. ఆయనతోపాటు పనిచేసిన జాన్ గోర్డన్ 1828లో పోయాడు. 1840లో వచ్చిన జాన్ హే మాత్రం 1891లో మరణించేదాకా, అంటే అర్ధ శతాబ్దం, తెలుగు బైబిలును సవరిస్తూ, దిద్దుతూ గడిపాడు. ఒకే పుస్తకానికి ఒక జీవితకాలం! ఈ ఊరి యువకుడు పులిపాక జగన్నాథం 1847లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన కీర్తనలు మన పాటల పుస్తకంలో ఉన్నాయి. ఇక ఉత్తరాన పర్లాకిమిడి ప్రాంతం నుంచి వచ్చిన పురుషోత్తమ చౌదరి 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. ఆయన పాటలు లేకుండా మనకు ఏ ఆదివారం ఆరాధన జరుగుతుంది? ఒక తరం కాగితం మీద పెట్టిన మాట తర్వాతి తరం నోట పాటగా మారింది.

ఆ తర్వాత విశాఖ చాలా మారింది. 1933లో హార్బరు తెరుచుకుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేశాయి. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది, 1992లో అది జాతికి అంకితమైంది. రేవుకూ ఉక్కుకూ పనికోసం కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వేలాది కుటుంబాలు వచ్చాయి. వాటిలో క్రైస్తవ కుటుంబాలు తమ బైబిలునూ తమ సంఘాన్నీ వెంట తెచ్చుకున్నాయి. గాజువాక, ఉక్కునగరం, మల్కాపురం వైపు ఆదివారం ఉదయం వెళ్లి చూడండి, సందుకో ఆరాధన వినబడుతుంది.

కాని ఆ ఇళ్లలోని పిల్లల సంగతేమిటి? ఇంగ్లీషు మీడియంలో చదువుకుంటున్నారు. మంచిదే. బల్లమీద తెలుగు బైబిలు పెడితే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నారు. పాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. ప్రసంగం తెలుగులో, ఫోనులో తెరిచిన వాక్యం ఇంగ్లీషులో. నాయనమ్మ చదువుకునే బైబిలు మనవడికి పరాయి భాషైపోయింది. ఇద్దరూ ఒకే బల్లమీద కూర్చుని ఒకే వచనం చూడలేకపోతున్నారు. పాత తర్జుమాలోని గ్రాంథిక భాష కూడా ఇందుకు కొంత కారణమే. దాన్ని తిట్టే ముందు వాడుకభాషలో వచ్చిన తర్జుమాలు ఉన్నాయన్న సంగతి మన సంఘాల్లో ఎంతమంది పిల్లలకు చెప్పాం? చెర నుంచి తిరిగొచ్చిన ప్రజలకు ఎజ్రా ధర్మశాస్త్రం చదివించినప్పుడు, లేవీయులు దానికి అర్థం చెబుతూ జనానికి బోధపడేట్లు చేశారని నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఉంది. జనం ఏడ్చింది అర్థమయ్యాకే.

అందుకే అడుగుతున్నాను. ఈసారి సండేస్కూలు పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లాలనుకుంటే పార్కులు, బీచి పక్కనబెట్టి ఒక పూట ఇటు తీసుకురండి. డిసెంబరు 8న వద్దు, ఆ రోజు అడుగు పెట్టడానికి చోటుండదు. ఎండ ముదరకముందే రాస్ హిల్ ఎక్కండి. అది ఒక సంఘంవారి ప్రార్థనాస్థలం గనుక పిల్లలను నెమ్మదిగా ఉండమనండి. పైనుంచి కాలువ, డాల్ఫిన్స్ నోస్, లోపలి హార్బరు చూపించండి. ఇప్పుడు క్రేన్లు కనబడే ఈ తీరానికే తెరచాప ఓడల కాలంలో ఇద్దరు కుర్రాళ్లు ఎందుకొచ్చారో చెప్పండి. తర్వాత దిగి పాతనగరం సందుల్లో సెయింట్ జాన్స్ చర్చి దాకా నడవండి. ఓపికుంటే ఇంకో రోజు భీమిలి వెళ్లండి. అక్కడి సెయింట్ పీటర్స్ చర్చి 1864 నాటిది, రాస్ దొర తన కొండమీద ఇల్లు కట్టుకున్న ఏడాదిదే. దగ్గరలోనే డచ్చివారి సమాధులున్నాయి.

వెళ్లేటప్పుడు తలా ఒక మార్కు సువార్త ప్రతి ఇవ్వండి, తెలుగులోది. 1812లో అచ్చయిన మూడింటిలో అదే చిన్నది, పదహారు అధ్యాయాలే. నీడ చూసుకుని కూర్చుని, పెద్దపిల్లలు ఒకరి తర్వాత ఒకరు పైకి చదివితే రెండు గంటల్లోపే అయిపోతుంది. తడబడినచోట నాయనమ్మలు అందిస్తారు. వారిని కూడా వెంట తీసుకెళ్లడం మరిచిపోకండి.