ఒకే రూపము, వేరు అర్థము: తెలుగు కన్నడ పదముల తారుమారు

విద్యార్థులారా! కర్ణాటక రాష్ట్రమున రహదారుల ప్రక్కన ‘అవసరవే అపఘాతక్కె కారణ’ అను ఫలకములను మీరు చూచియే యుందురు. తెలుగు, కన్నడ లిపులు కదంబుల, చాళుక్యుల నాటి ఒకే లిపినుండి క్రమముగా వేరుపడినవి గనుక, మనలో పెక్కురు ఆ వాక్యమును కూడబలుకుకొని చదువగలరు. అట్లు చదివినవాడు ‘అవసరమే ప్రమాదమునకు కారణము’ అని అర్థము చెప్పుకొని, అవసరము గలవాడు ప్రయాణము చేయుటలో దోషమేమి యని ఆశ్చర్యపడును. కాని కన్నడమున ‘అవసర’ యనగా తొందర. తొందరపాటు కూడదని ఆ ఫలకము మనలను హెచ్చరించుచున్నది. అక్షరములు చదువగలుగుట వేరు, అర్థము తెలియుట వేరు.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. ఆంగ్లమున ‘గిఫ్ట్’ అనగా కానుక. జర్మను భాషలో అదే పదమునకు విషమని అర్థము. ఫ్రెంచి, ఆంగ్ల భాషల నడుమ నిట్లు మోసగించు పదములను గూర్చి ఇరువురు ఫ్రెంచి పండితులు 1928లో ఒక గ్రంథము వెలువరించి, వానిని ‘కపట మిత్రులు’ అని పిలిచిరి. తెలుగు కన్నడములు ఒకే ద్రావిడ కుటుంబమునకు చెందినవి. శతాబ్దముల తరబడి ఇరుగుపొరుగున మెలగినవి. రెండును సంస్కృతమునుండి ధారాళముగా పదములను గైకొన్నవి. కావున మనకు నిజమైన మిత్రులును ఎక్కువే, కపట మిత్రులును ఎక్కువే.

కర్ణాటక శాసనసభ 2015లో ఆమోదించిన చట్టము ననుసరించి రాష్ట్రమందలి పాఠశాలలలో కన్నడము తప్పనిసరి భాషయైనది. ఇంట తెలుగు మాటలాడు బిడ్డ కన్నడమున తప్పు వ్రాసినప్పుడు, ‘తెలుగు చదువుటవలననే ఈ కలగాపులగము’ అని కొందరు తల్లిదండ్రులు తలంచుట కలదు. కొందరు ఇంట తెలుగు మాటలాడుటయే మానుకొనుచున్నారు. ఆంధ్రదేశమున శిక్షణ పొంది ఈ నగరమున బోధించుచున్న నాకు తోచినది వేరు. తన మాటకు ఎల్ల ఎంతవరకో ఎరిగినవానికే పొరుగువారి మాట ఎచ్చట మొదలగునో తెలియును. తెలుగు చక్కగా రాకపోవుటవలన కలుగు తప్పులు, వచ్చుటవలన కలుగు తప్పులకంటె అధికము.

మొదట సంస్కృతమునుండి వచ్చిన పదములను పరిశీలింతము. ‘అవసర’ పదమునకు సంస్కృతమున తగిన సమయము, సందర్భము అని అర్థము. అది తెలుగున అక్కరగా మారినది. కన్నడమున తొందరగా మారినది. ఇంతటితో ముగియలేదు. మన ‘తొందర’ను బోలిన ‘తొందరె’ కన్నడమున కలదు. దానికి అర్థము ఇబ్బంది. మన అవసరమునకు వారు ‘అగత్య’ యందురు. కావున ‘నాకు తొందరగా నున్నది’ అను భావముతో ‘ననగె తొందరె ఇదె’ యని పలికినచో, కన్నడిగుడు పాపము వీనికేదో కష్టము వచ్చినదని జాలిపడును!

‘ఆలస్య’ పదమునకు సంస్కృతమున సోమరితనమని అర్థము. కన్నడము దానిని నిలుపుకొన్నది. తెలుగున అది జాగు అయినది. బడికి జాగుగా వచ్చిన బాలుడు కన్నడోపాధ్యాయునకు వ్రాయు లేఖలో ‘ఆలస్యదింద బందె’ అని వ్రాసినచో, సోమరితనమువలన నిట్లు వచ్చితినని తానే ఒప్పుకొన్నట్లగును. అచ్చట వ్రాయదగిన మాట ‘తడ’. ‘విచార’ మనగా సంస్కృతమున ఆలోచన. కన్నడమున ఆలోచన, సంగతి అను అర్థములున్నవి. తెలుగున దుఃఖమను అర్థము బలపడినది. అయినను మన ‘విచారణ’లో పాత అర్థపు జాడ మిగిలియున్నది. పొరుగింటి అమ్మగారు ‘ఒందు విచార హేళబేకు’ అనినచో ఆమె ఒక సంగతి చెప్పదలచినది. కన్నీరు తుడువ బోనక్కరలేదు. అట్లే ‘శిక్షణ’ తెలుగున తర్ఫీదు, కన్నడమున విద్య. ఈ పదములలో నొకటి శుద్ధము, మరియొకటి భ్రష్టము అనుట సరికాదు. ఎవరి ఇంట వారి మాట ఒప్పు.

ఇక దేశ్యపదములు. వీనిని జంటలుగా వ్రాసికొని కంఠస్థము చేయుట మేలు.

ఊట: తెలుగున నేలనుండి ఊరు నీరు, కన్నడమున భోజనము.
కల్లు: తెలుగున తాటిచెట్టు ఇచ్చు మాదకద్రవ్యము, కన్నడమున రాయి.
మర: తెలుగున యంత్రము, కన్నడమున చెట్టు.
సాకు: తెలుగున నెపము, కన్నడమున చాలును.
బేడ: తెలుగున పూర్వపు రెండణాల విలువ, కన్నడమున వద్దు.
ఎత్తు: తెలుగున ఉన్నతి, కన్నడమున ఎద్దు కూడ.
మగ: తెలుగున పురుషజాతి, కన్నడమున కుమారుడు.
నెల: తెలుగున మాసము, కన్నడమున నేల.

మరి నిజమైన బంధువులను గుర్తించుట ఎట్లు? ఇందుకు ధ్వనిసూత్రములు తోడ్పడును. తెలుగు పదము మొదట ‘ప’ ఉన్నచోట నేటి కన్నడమున తరచుగా ‘హ’ ఉండును: పాలు హాలు, పులి హులి, పాము హావు, పండు హణ్ణు. పాతకన్నడమునను ఇచ్చట పకారమే యుండెడిది. సుమారు 10వ శతాబ్దము మొదలుకొని అది క్రమముగా హకారమైనది. మారతహళ్ళి, బైయప్పనహళ్ళి అను పేర్లలోని ‘హళ్ళి’ మన ‘పల్లె’యే. కన్నడపు ‘క’కు కొన్నిచోట్ల మన ‘చ’ సరిపోవును: కివి చెవి, కై చేయి, కెరె చెరువు. హలసూరు కెరె యనగా హలసూరు చెరువు. కన్నడపు ‘బ’కు మన ‘వ’ సరిపోవును: బేరు వేరు, బిల్లు విల్లు, బిత్తు విత్తు, బెన్ను వెన్ను. వేషము మారినను వీరు ఒక్క తల్లి బిడ్డలు. గాలి, నీరు, బండి, ఆట మొదలగునవి వేషమైనను మార్చుకొనని బంధువులు. అయితే అక్షరమైనను మారక కనబడు పదమును ఒకమారు పరీక్షించిన పిమ్మటనే నమ్మవలెను.

పరీక్షించు విధము సులభము. పదమును ఒంటరిగా చూడక వాక్యములో చూడుడు. ‘ఊట ఆయితా?’ అని అడిగినప్పుడు సమయము మధ్యాహ్నమైనచో, అడిగినవారు మీ క్షేమము కోరినవారైనచో, అది భోజనమును గూర్చిన ప్రశ్న యని సందర్భమే చెప్పును. పిమ్మట ఒక నోటుపుస్తకమున రెండు వరుసలు గీచి, ఎడమప్రక్క తెలుగు వాక్యమును, కుడిప్రక్క కన్నడ వాక్యమును వ్రాసికొనుడు. అర్థము మాత్రము వ్రాసిన మరచిపోవుదురు. వాక్యము వ్రాసిన నిలుచును. సందేహము కలిగినప్పుడు కన్నడ సహపాఠి నడుగుటకు సిగ్గుపడకుడు. అతడు మీ తెలుగు పదమునకు అర్థమడిగినచో ఓపికతో చెప్పుడు. ఆంగ్ల పదములకును ఈ పద్ధతియే పనికివచ్చును.

తల్లిదండ్రులకొక మనవి. బిడ్డ రెండు భాషలను కలిపి పలికినప్పుడు నవ్వకుడు, కోపింపకుడు. ‘ఈ మాట మన ఇంట ఏమి, వారి ఇంట ఏమి?’ అని అడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగల బిడ్డకు రెండు భాషలును దక్కును. ఇంట తెలుగు వినని బిడ్డకు ‘మన ఇంట ఏమి’ అను మొదటి సగమే తెలియదు. పోల్చుకొనుటకు అతని చేత ఏమియు నుండదు.