మీకు తెలుసా? తుప్పు పట్టించే హెయిర్ స్ప్రే

బల్ల మీద ఆడే యుద్ధక్రీడ ‘వార్‌హామర్ 40,000’లో మామూలు సైనికుడి బొమ్మ బొటనవేలంత ఉంటుంది. వాటి మధ్య ‘ఇంపీరియల్ నైట్’ అనే యంత్రయోధుడు జానకు కాస్త తక్కువ ఎత్తున నిలబడతాడు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌కు చెందిన గేమ్స్ వర్క్‌షాప్ ఈ ప్లాస్టిక్ కిట్‌ను 2014లో తెచ్చింది.

ఇంత పెద్ద బొమ్మను మొత్తం అతికించేశాక రంగు వేయబోతే కుంచె సందుల్లోకి దూరదు. అందుకే లోపలి చట్రానికీ, పైకవచం పలకలకూ విడివిడిగా రంగులు వేసి ఆఖర్న కలుపుతారు. భుజాల్లో చిన్న అయస్కాంతాలు అమరిస్తే ఆయుధాలు మార్చుకోవచ్చు కూడా.

అసలు అందం మాత్రం యంత్రాన్ని పాతబడినట్టు చూపడంలోనే ఉంది. ముందు తుప్పు రంగు వేసి ఆరనిస్తారు. దాని మీద తలకు కొట్టుకునే మామూలు హెయిర్ స్ప్రే, ఆపైన కవచానికి ఆక్రిలిక్ రంగు. ఇక తడి కుంచెతో అంచుల వెంట మెల్లగా రుద్దాలి. నీళ్లు తగలగానే స్ప్రే పొర కరుగుతుంది, పైరంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది, కింది తుప్పు నిజంగా ఏళ్ల తరబడి వానకు నానినట్టే బయటపడుతుంది. సైనిక ట్యాంకుల నమూనాలు చేసేవారిలోనూ ఈ పద్ధతికి మంచి ఆదరణ ఉంది.