అట్టముక్కకు వంద కోట్లు, గింజకు మంచుకొండ

రామచంద్రాపురం నుంచి పటాన్‌చెరు, పాశమైలారం మీదుగా సంగారెడ్డి వరకు బీమా మాట తెలియని షెడ్డు ఉండదు. బాయిలరుకు బీమా, లారీకి బీమా, గోదాములో డ్రమ్ములకు బీమా. పనివాళ్లకు ఈఎస్‌ఐ కార్డు. ఇదే దారిలో ఒకరు బీమా ఆఫీసులోకి వెళ్లి "అరచేతిలో పట్టే ఆటగాడి బొమ్మ కార్డు ఉంది, దానికి పాలసీ కావాలి" అంటే అక్కడివాళ్లు కాసేపు ఆలోచించాల్సి వస్తుంది. ఇది అడగదగిన ప్రశ్నే. ఆ అట్టముక్కల ధరలు ఎక్కడికి వెళ్లాయో చూస్తే మీరే ఒప్పుకుంటారు.

అన్నిటికంటే ఖరీదైన ఆటగాళ్ల బొమ్మ

2025 ఆగస్టులో అమెరికాలోని హెరిటేజ్ వేలంలో ఒక బాస్కెట్‌బాల్ కార్డు కోటీ 29 లక్షల డాలర్లకు పైగా పలికింది. మన లెక్కలో నూట పది కోట్ల రూపాయల పైమాటే. మైకేల్ జోర్డాన్, కోబీ బ్రయంట్ ఇద్దరి సంతకాలు, ఇద్దరి జెర్సీల నుంచి కత్తిరించి అతికించిన ఎన్‌బీఏ గుర్తులు అందులో ఉన్నాయి. 2007–08 సీజన్‌కు అప్పర్ డెక్ కంపెనీ ఒక్కటంటే ఒక్కటే తయారుచేసింది.

అంతకుముందు రికార్డు మిక్కీ మాంటిల్‌ది. టాప్స్ కంపెనీ 1952లో వేసిన బేస్‌బాల్ కార్డు అది. 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అమ్మినాయన దాన్ని 1991లో 50 వేల డాలర్లకు కొన్నాడు. అప్పట్లో అదే పెద్ద సొమ్ము.

ఈ మాంటిల్ కార్డు వెనక ఇంకో సంగతి ఉంది. ఆ వరసలో ఆలస్యంగా అచ్చయిన కార్డులు అమ్ముడుపోక గోదాములో పేరుకుపోయాయి. చోటు ఖాళీ చేయాలని 1960లో కంపెనీ ఉద్యోగి సై బర్గర్ పెట్టెలకు పెట్టెలు పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారేయించాడు. గోదాములో కదలని సరుకు యజమానిని ఎంత వేధిస్తుందో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం. కానీ ఆ పెట్టెల్లో మాంటిల్ బొమ్మలు ఎన్ని మునిగాయో తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

పొగాకు పెట్టెలో పుట్టిన ఆట

ఆటగాళ్ల కార్డులకు పుట్టిల్లు సిగరెట్ పెట్టె. పెట్టె నలగకుండా లోపల పెట్టే అట్టముక్క మీద బొమ్మ వేస్తే కొనేవాడు మళ్లీ మళ్లీ వస్తాడని కంపెనీలు కనిపెట్టాయి. ఇంగ్లండులో విల్స్ కంపెనీ 1896లో క్రికెటర్ల బొమ్మలు వేసింది. ఆ విల్స్ కలిసిన ఇంపీరియల్ టొబాకో పేరుతోనే 1910లో కలకత్తాలో కంపెనీ పెట్టారు. రెండేళ్లకే అది గుంటూరు జిల్లాలో ఆకు కొనుగోలుకు వేరే శాఖ తెరిచింది. చీరాల వైపు పెద్దలు ఇప్పటికీ 'ఐఎల్‌టీడీ' అనేది దాన్నే.

అమెరికాలో 1909 నుంచి 1911 వరకు వచ్చిన సిగరెట్ కార్డుల్లో హోనస్ వాగ్నర్ బొమ్మ ఒకటుంది. తన బొమ్మ వేయొద్దని ఆయన ఆపించాడు. పిల్లలు దానికోసం పొగాకు కొంటారన్న బాధతోనని కొందరు, డబ్బు ఇవ్వలేదనే కోపంతోనని ఇంకొందరు అంటారు. కారణం ఏదైనా ఫలితం ఒకటే. మిగిలినవి యాభై అరవై. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకు చేతులు మారింది.

ఫ్యాక్టరీ కార్మికుడి ఆస్తి

ఈ కథలన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది జెఫర్సన్ బర్డిక్‌ది. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూజ్‌లో క్రౌజ్-హిండ్స్ అనే ఎలక్ట్రికల్ ఫ్యాక్టరీలో విడిభాగాలు బిగించే పని ఆయనది. షిఫ్టు ముగిశాక అద్దె గదికి వెళ్లేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎవరూ విలువ ఇవ్వని సిగరెట్ బొమ్మలు, వ్యాపార ప్రకటనల కాగితాలు, పోస్టుకార్డులు పోగుచేశాడు. మూడు లక్షలకు పైగా అయ్యాయి. అందులో బేస్‌బాల్ కార్డులే ముప్పై వేలు.

పోగుచేయడం చాలామంది చేస్తారు. బర్డిక్ వాటికి పట్టీ రాశాడు. ఏ వరస, ఏ కంపెనీ, ఏ కాలం అని గుర్తులు పెట్టి ఒక కేటలాగు అచ్చువేశాడు. వాగ్నర్ కార్డును ప్రపంచమంతా 'టీ206' అంటుంది. ఆ గుర్తు ఈ కార్మికుడు పెట్టిందే. ఈ రోజు వేలం కంపెనీలూ బీమా కంపెనీలూ పాలసీ కాగితాల మీద రాసుకునేది ఆయన రాసిన అంకెనే.

1947 నుంచి ఆ సేకరణను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి విడతలుగా ఇచ్చేశాడు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయాయి. అయినా మ్యూజియంలో ఒక బల్ల దగ్గర కూర్చుని ఏళ్ల తరబడి ఆల్బమ్‌లలో తానే అతికించాడు. 1963 జనవరిలో ఆఖరి ఆల్బమ్ పూర్తిచేశాడు. మార్చిలో కన్నుమూశాడు. ఆయన ఇచ్చినవాటిలో ఒక వాగ్నర్ కూడా ఉంది.

సంఖ్యలో ఆయన్ని మించినవాడు బ్రిటన్‌కు చెందిన ఎడ్వర్డ్ వార్టన్-టైగర్. రెండో ప్రపంచయుద్ధంలో గూఢచారిగా పనిచేసిన ఈయన సేకరించిన కార్డులు పది లక్షలకు పైమాటే. అవి బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

అంచు కత్తిరించిన అబద్ధం

కార్డు ధర దాని స్థితిని బట్టి. మూల నలిగిందా, అంచు అరిగిందా అని చూసి ఒకటి నుంచి పది వరకు మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసే సంస్థలున్నాయి. వాటిలో పేరున్న పీఎస్‌ఏ 1991లో మొదటగా మార్కు వేసిన కార్డు ఒక వాగ్నర్. ఎనిమిది వేసింది. హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ భాగస్వామితో కలిసి ఆ ఏడే 4,51,000 డాలర్లకు కొన్న కార్డు అది. చేతులు మారుతూ 2007లో 28 లక్షల డాలర్లకు చేరింది. 2013లో బిల్ మాస్ట్రో అనే వేలం వ్యాపారి కోర్టులో నిజం ఒప్పుకున్నాడు. అంచులు పదునుగా కనబడాలని దాన్ని తానే కత్తిరించానన్నాడు.

బీమా చేసేవాడికి అసలు భయం ఇక్కడే. ప్లాస్టిక్ పెట్టె మీద అంకె ఉంటే సరిపోదు. ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకు కొన్నారు, రసీదు ఎక్కడ, ఫొటోలు ఎప్పటివి అని అడుగుతారు. అడగాలి కూడా.

మన ఇంట్లో ఉంటే

మా చిన్నప్పుడు బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి. తరవాతి పిల్లలు ట్రంప్ కార్డులు, ఐపీఎల్ వచ్చాక క్రికెట్ అటాక్స్ పోగుచేశారు. నా కట్టకు రబ్బరుబ్యాండు వేసి బీరువా అడుగున దాచాను. రెండు వానాకాలాలు గడిచాక తీస్తే రబ్బరు కరిగి అతుక్కుపోయింది, మిగతాది చెదలు తినేశాయి. దానికి బీమా ఉన్నా పైసా వచ్చేది కాదని పెద్దయ్యాక తెలిసింది. చెద, బూజు, తేమతో మెల్లగా పాడవడం లాంటివి పాలసీలు మామూలుగా ఒప్పుకోవు. హఠాత్తుగా జరిగే నష్టానికే బీమా.

మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి ప్రతి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ 'భారత్ గృహ రక్ష' పాలసీ ఇవ్వాలి. ఇల్లు బీమా చేస్తే లోపలి సామానుకు ఇంటి బీమా మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు, దానంతట అదే వస్తుంది. మంచాలు, ఫ్రిజ్, టీవీ అందులో పడతాయి. నగలు, చిత్రపటాలు, పురాతన వస్తువుల వంటి విలువైనవి పడవు. వాటికి విడిగా అడిగి, ముందే ఒప్పుకున్న విలువకు కవర్ తీసుకోవాలి. ఒక్కో వస్తువు లక్షకు మించకుండా మొత్తం 5 లక్షల లోపు ఉంటే విలువ కట్టే నిపుణుడి సర్టిఫికెట్ అక్కర్లేదు. దాటితే కావాలి. ఆటగాళ్ల కార్డుల పేరు ఆ వరుసలో ఎక్కడా లేదు కాబట్టి, ఒక్కో కార్డు పేరు, సంవత్సరం, మార్కు, విలువ షెడ్యూలులో రాయించుకోవడం తప్పనిసరి. "కార్డుల సేకరణ – 1" అని రాయించుకుంటే రేపు సర్వేయర్ వచ్చినప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు.

ముందే ఒప్పుకున్న విలువ అన్న మాట చిన్నదే గానీ బరువంతా దానిమీదే ఉంది. పాత కారుకు తరుగు తీసినట్టు తీస్తే 1952 నాటి కాగితానికి మిగిలేది సున్నా.

దొంగతనం సంగతి ఇంకో మెలిక. గృహ రక్షలో అగ్నిప్రమాదం, వరద వంటిది జరిగి, దాని వల్ల ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనమే లెక్క. మామూలు దొంగలకు బర్గ్లరీ కవర్ వేరే తీసుకోవాలి. అందులోనూ తాళం పగలగొట్టో, కిటికీ వంచో బలవంతంగా చొరబడ్డ ఆనవాలు ఉండాలి. ఇంటికొచ్చిన చుట్టం జేబులో వేసుకుపోతే రాదు.

ఆనవాలు అంటే హైదరాబాద్‌లో 2018 సెప్టెంబరు నాటి సంగతి గుర్తొస్తుంది. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి ఇద్దరు వెంటిలేటర్ గుండా తాడు పట్టుకుని దిగి, రత్నాలు తాపిన మూడు గిన్నెల బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసర్, చెంచా ఎత్తుకుపోయారు. పోలీసులు పది రోజుల్లోపే పట్టుకున్నారు. వాళ్లలో ఒకడు ఆ డబ్బాలోనే భోజనం చేశాడని పోలీసులు చెప్పారు.

పటాన్‌చెరులోని అతిపెద్ద సేకరణ

మన ప్రాంతంలో కార్డులకు రికార్డు లేదు. కానీ సేకరణలో ప్రపంచస్థాయి రికార్డు హైవే పక్కనే ఉంది. 1972లో పటాన్‌చెరులో పెట్టిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఒక జన్యు బ్యాంకు ఉంది. 144 దేశాల నుంచి తెచ్చిన 1,28,000కు పైగా గింజల రకాలు అందులో ఉన్నాయి. జొన్న ఒక్కటే నలభై వేలు దాటింది. సజ్జ, శనగ, కంది, వేరుశనగ, రాగి, కొర్ర, ఊద, అరిక, సామ, వరిగ. మన తాతలు తిని మనం మరిచినవి కూడా పేరూ ఊరూ రాసుకుని అక్కడ నిలబడి ఉన్నాయి. బర్డిక్ అతికించినట్టే ప్రతి రకానికీ ఒక అంకె, ఎక్కడ దొరికింది, ఎప్పుడు తెచ్చారు అన్న చిట్టా.

కార్డుకూ గింజకూ శత్రువు ఒక్కటే, తేమ. అందుకే గింజను ముందు 15 డిగ్రీల చలిలో, 15 శాతం తేమ ఉండే గదిలో ఆరబెడతారు. అడిగినవాళ్లకు పంపే గింజలు 4 డిగ్రీల గదిలో ఉంటాయి. తరతరాలకు దాచేవి అల్యూమినియం సంచుల్లో గాలి తీసేసి మూసి, సున్నాకు 20 డిగ్రీల దిగువన పెడతారు. బయట ఏప్రిల్ ఎండ ఎంత మండినా ఆ గదిలో ఋతువు మారదు.

తేడా కూడా చెప్పాలి. కార్డును ముట్టకుండా ఉంచితే చాలు. గింజ బతికున్న ప్రాణి. అప్పుడప్పుడు కొన్ని తీసి మొలకెత్తించి చూస్తారు. మొలక శాతం బాగా తగ్గితే పొలంలో విత్తి కొత్త గింజ తీయాలి. కంది పువ్వుకు తేనెటీగలు పక్క రకం పుప్పొడి తెస్తే రకం కల్తీ అవుతుంది. అందుకని పురుగు దూరని వలల కింద పండిస్తారు. ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేయడంతో పని అయిపోదు. ఇక్కడ కాపలా అంటే వ్యవసాయం చేయడమే.

మరి ఇంత సేకరణకు బీమా ఎవరు చేస్తారు? పోయిన జొన్న రకానికి చెక్కు రాసిస్తే ఆ జొన్న తిరిగి రాదు. ఇక్కడ పరిహారం డబ్బు కాదు, రెండో ప్రతి. కార్డుకు రెండో ప్రతి ఉంటే విలువ పడిపోతుంది. గింజకు రెండో ప్రతే ప్రాణరక్ష. ఇక్రిశాట్ రకాల్లో లక్షకు పైగా నమూనాలు నార్వేలోని స్వాల్‌బార్డ్‌కు వెళ్లాయి. ఉత్తర ధ్రువానికి సుమారు 1,300 కిలోమీటర్ల దూరంలో కొండ తొలిచి కట్టిన విత్తన ఖజానా అది. 2008 ఫిబ్రవరి 26న తెరిచారు. సున్నాకు 18 డిగ్రీల దిగువ చలి. దాచుకున్నందుకు రుసుము లేదు. ఎవరు పంపిన పెట్టె వాళ్లదే, వేరేవాళ్లు తెరవడానికి వీల్లేదు.

2016లో వానకూ కరిగిన మంచుకూ ఆ ఖజానా సొరంగం ముఖద్వారంలోకి నీళ్లు వచ్చాయి. గింజల గది వరకు రాలేదు. ఆ తరవాత నార్వే ప్రభుత్వం దాన్ని నీరు చొరకుండా బలపరిచింది.

ఈ బీమాకు ఇప్పటికే ఒక క్లెయిమ్ వచ్చింది. సిరియాలో అలెప్పో దగ్గర, ఇక్రిశాట్‌కు తోబుట్టువు వంటి ఇకార్డా అనే సంస్థకు గోధుమ, బార్లీ, మసూర్ పప్పు రకాల జన్యు బ్యాంకు ఉండేది. యుద్ధం వల్ల శాస్త్రవేత్తలు అక్కడ పనిచేయలేకపోయారు. 2015లో స్వాల్‌బార్డ్ నుంచి తమ పెట్టెలు వెనక్కి అడిగారు. ఖజానా తెరిచాక అదే మొదటిసారి గింజ బయటికి రావడం. 38 వేలకు పైగా నమూనాలు లెబనాన్, మొరాకో చేరాయి. అక్కడ విత్తి, కోసి, ఆరబెట్టారు. 2017లో కొత్త గింజను మళ్లీ మంచుకొండకు పంపారు.