వేలు పెట్టకుండానే పేలే రైఫిల్: బోల్ట్ యాక్షన్ ట్రిగ్గర్ లోపల ఏం జరుగుతుంది?

ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నదంతా చదువుకోవడానికి వీలుగా ఇక్కడ పెడుతున్నాం.

బీజీఎంఐ ఆడేవాళ్లకి ఎం24 గురించి నేను చెప్పక్కర్లేదు. ఒక షాట్ కొట్టడం, బోల్ట్ లాగడం, మళ్లీ గురి పెట్టడం. ఆ ఎం24 అసలు తుపాకీయే. అమెరికా సైన్యం వాడిన స్నైపర్ రైఫిల్ అది. దాన్ని రెమింగ్టన్ కంపెనీ వాళ్ల మోడల్ 700 అనే వేట రైఫిల్ మీద ఆధారపడి తయారుచేశారు. గేమ్‌లో కనిపించే కార్98కే కూడా బోల్ట్ యాక్షనే. మన పోలీసులు ఏళ్ల తరబడి మోసిన త్రీ నాట్ త్రీ కూడా అదే రకం.

గేమ్‌లో ఫైర్ బటన్‌కి బరువు ఉండదు. తాకితే చాలు. అసలు రైఫిల్‌లో మాత్రం ట్రిగ్గర్‌ని ఇంత బలంతో లాగితేనే పేలాలి అని ఒక లెక్క ఉంటుంది. వేట రైఫిల్‌కి అది సుమారు మూడు నాలుగు పౌండ్లు, అంటే కిలోన్నర అటూ ఇటూ. "నా ట్రిగ్గర్ గట్టిగా ఉంది, కొంచెం వదులు చేసుకుంటా" అని స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్లు అమెరికాలో చాలామంది. ఆ స్క్రూ తిప్పితే లోపల ఏం మారుతుందో తెలియకుండా తిప్పడమే అసలు ప్రమాదం. అదే ఇవాళ్టి సంగతి.

లోపల ఏముంది?

బోల్ట్ తెరిచి మూసేసరికి ఫైరింగ్ పిన్ వెనక్కి వెళ్లి నిలబడుతుంది. దాని వెనక బలమైన స్ప్రింగ్ బిగుసుకుని ఉంటుంది. వదిలితే చాలు, ముందుకి దూకి తూటా అడుగుని కొడుతుంది. దాన్ని వదలకుండా ఆపేది సియర్ అనే చిన్న ఉక్కు ముక్క. ఆ సియర్ కింద ఇంకో అంచు ఆసరాగా ఉంటుంది. మీరు ట్రిగ్గర్ లాగితే ఆ అంచు పక్కకి జరుగుతుంది. ఆసరా పోగానే సియర్ కిందికి దిగుతుంది, పిన్ దూకుతుంది, తుపాకీ పేలుతుంది.

ఆ రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి ఎంత మేర ఆనుకుని ఉంటాయో తెలుసా? సుమారు అర మిల్లీమీటరు. మీ చేతిలో ఫోన్‌కి అతికించిన టెంపర్డ్ గ్లాస్ మందం కూడా దగ్గర దగ్గర అంతే. అంత పెద్ద స్ప్రింగ్ బలాన్ని ఆపుతున్నది ఆ కాస్త ఆనుడే. తలుపు గొళ్లెం పూర్తిగా పడకుండా కొస మాత్రమే తగిలి ఉందనుకోండి. తలుపు మూసినట్టే కనిపిస్తుంది. గాలి కొడితే తెరుచుకుంటుంది. ఇక్కడా అంతే.

మూడు స్క్రూలు, మూడు పనులు

పాత మోడల్ 700 ట్రిగ్గర్‌లో మూడు స్క్రూలు ఉంటాయి.

ఒకటి బరువుది. అది ట్రిగ్గర్ స్ప్రింగ్‌ని నొక్కుతుంది. లోపలికి తిప్పితే ట్రిగ్గర్ గట్టిపడుతుంది, బయటికి తిప్పితే తేలికవుతుంది.

రెండోది పేలిన తర్వాత ట్రిగ్గర్ ఇంకెంత దూరం వెనక్కి పోవాలో నిర్ణయిస్తుంది. దీన్ని మరీ బిగిస్తే సియర్ కిందికి దిగేటప్పుడు అంచుకి రాసుకుంటుంది. ఒకసారి పేలుతుంది, ఒకసారి మొరాయిస్తుంది.

మూడోది మనం చెప్పుకున్న ఆ అర మిల్లీమీటరు ఆనుడుని మార్చేది. అసలు గండం ఇక్కడే. దీన్ని తిప్పితే ట్రిగ్గర్ "సాఫీగా" అనిపిస్తుంది, నిజమే. కానీ గొళ్లెం కొస ఇంకా తగ్గిపోతుంది. ఈ స్క్రూ జోలికి ఇంట్లో ఎవరూ వెళ్లకూడదు. అంచుల్ని ఆకురాయితో అరగదీయడం అంతకన్నా తప్పు. గట్టిపరిచిన పొర పైన పలచగా ఉంటుంది. అది పోతే లోపలి మెత్తని లోహం త్వరగా అరుగుతుంది.

ఒక నిజమైన కథ

ఈ ట్రిగ్గర్‌ని రూపొందించింది మైక్ వాకర్ అనే రెమింగ్టన్ ఇంజినీరు. 1948లో వచ్చిన మోడల్ 721లో మొదట పెట్టారు. 1962లో వచ్చిన మోడల్ 700లోకీ అదే వచ్చింది. ఇందులో ఒక ప్రత్యేకత ఉంది. సియర్‌కి ఆసరాగా ఉండే అంచు ట్రిగ్గర్‌లో భాగం కాదు. కనెక్టర్ అనే విడి ముక్క. ట్రిగ్గర్‌కి అతికించి ఉండదు, స్ప్రింగ్ బలంతో ఆనుకుని ఉంటుంది. ప్రతి షాట్‌కీ కొంచెం విడివడి మళ్లీ వచ్చి ఆనుకోవాలి. మధ్యలో ఇసుక రేణువో, గడ్డకట్టిన నూనో, తుప్పో, మంచో చేరితే పూర్తిగా వెనక్కి రాదు.

ఇప్పుడు సేఫ్టీ గురించి. సేఫ్టీ వేస్తే ట్రిగ్గర్‌కి తాళం పడుతుందని మనం అనుకుంటాం. ఈ డిజైన్‌లో పడదు. సేఫ్టీ వేస్తే సియర్ కొంచెం పైకి లేస్తుంది, అంతే. ఆ సమయంలో ట్రిగ్గర్‌కి ఏదైనా తగిలి, కనెక్టర్ పక్కకి జరిగి, తిరిగి రాలేదనుకోండి. బయటికి ఏమీ తెలియదు. తర్వాత సేఫ్టీ తీయగానే సియర్ కిందికి దిగుతుంది. అక్కడ ఆసరా లేదు. వేలు ట్రిగ్గర్ మీద లేకపోయినా తుపాకీ పేలుతుంది.

ఇంకో చిక్కు. 1982కి ముందు తయారైన వాటిలో సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ తెరుచుకోదు. అంటే తూటా బయటికి తీయాలన్నా ముందు సేఫ్టీ తీయాల్సిందే.

2000 అక్టోబర్‌లో అమెరికాలోని మోంటానాలో ఒక కుటుంబం వేటకి వెళ్లింది. తల్లి రైఫిల్ ఖాళీ చేద్దామని సేఫ్టీ తీసింది. తన వేలు ట్రిగ్గర్ మీద లేదని ఆవిడ చెప్పింది. తుపాకీ పేలింది. తూటా ఎదురుగా ఉన్న గుర్రాల ట్రెయిలర్‌ని చీల్చుకుని, అవతల ఉన్న కొడుక్కి తగిలింది. ఆ పిల్లాడికి తొమ్మిదేళ్లు. బతకలేదు.

కంపెనీ మాత్రం డిజైన్‌లో లోపం లేదనే అంది. సరిగ్గా శుభ్రం చేయకపోవడం, సొంతంగా అడ్జస్ట్ చేసుకోవడం కారణాలని వాదించింది. కోర్టు కేసుల్లో బయటపడ్డ పాత కాగితాలు ఇంకో సంగతి చెప్పాయి. ట్రిగ్గర్‌ని కూడా ఆపే సేఫ్టీ పెడదామని వాకరే 1948లో సూచించారు. ఒక్కో తుపాకీకి అయ్యే అదనపు ఖర్చు ఐదున్నర సెంట్లు. దాన్ని అమలు చేయలేదు. చివరికి 2014లో ఒప్పందం కుదిరి, అప్పీళ్లు దాటుకుని 2018లో అమల్లోకి వచ్చింది. లక్షల రైఫిళ్లకి ట్రిగ్గర్ ఉచితంగా మారుస్తామన్నారు. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. పాత తుపాకులు మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

ఇన్నేళ్లు ఎందుకు నలిగిందో తెలుసా? వర్క్‌షాప్‌కి తీసుకెళ్లి చూస్తే మళ్లీ పేలేది కాదు. ఒకసారి కదిలేసరికి కనెక్టర్ తన చోటుకి వచ్చేస్తుంది. "అంతా బాగానే ఉంది" అని తిరిగి ఇచ్చేసేవారు. ఈ ఎపిసోడ్‌లో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి: ఒకసారి జరిగి మళ్లీ జరగలేదంటే, లోపం పోయిందని కాదు.

ఏ లక్షణానికి ఏ కారణం?

ట్రిగ్గర్ గరగరలాడుతుంటే ముందు మురికిని అనుమానించండి. నూనె ఎక్కువ పోయడం చాలామంది చేసే తప్పు. నూనె ఎండి జిగురవుతుంది, దుమ్ముని పట్టుకుంటుంది. ఆవిరైపోయే సాల్వెంట్‌తో కడిగి ఆరనివ్వాలి.

వానాకాలంలో మాత్రమే ఇబ్బంది వస్తుంటే చెక్క మడమ తేమకి ఉబ్బి ట్రిగ్గర్ పెట్టెకి రాసుకుంటోందేమో చూడాలి. అలాంటప్పుడు స్క్రూ తిప్పితే ఏమీ ఒరగదు.

బోల్ట్ మూస్తుంటే పిన్ కూడా దానితోపాటే ముందుకి జారిపోతుంటే, లేదా సేఫ్టీ తీయగానే పిన్ పడిపోతుంటే, అక్కడితో ఆపేయండి. ఒక్కసారి జరిగినా చాలు. ఆ తుపాకీలో ఇక తూటా పెట్టకూడదు. నేరుగా నిపుణుడి దగ్గరికి.

బరువు మార్చాల్సి వస్తే

ఇది లైసెన్సు ఉన్న ఆర్మరర్ చేసే పని. అతను ఎలా చేస్తాడో తెలుసుకుంటే, సరిగ్గా చేస్తున్నాడో లేదో మీకు అర్థమవుతుంది.

ముందు తూటాలన్నీ వేరే గదిలో పెడతాడు. బోల్ట్ తీసి ఛాంబర్‌లోకి కంటితో చూస్తాడు, వేలు పెట్టి కూడా చూస్తాడు. ఇప్పుడున్న బరువుని గేజ్‌తో ఐదారుసార్లు కొలిచి రాసుకుంటాడు. బరువు స్క్రూని మాత్రమే పావు చుట్టు తిప్పి మళ్లీ కొలుస్తాడు. కంపెనీ చెప్పిన కనీస బరువు కిందికి దిగడు.

తర్వాత పరీక్షలు, ఖాళీ తుపాకీతోనే. బోల్ట్‌ని పదిసార్లు గట్టిగా మూస్తాడు, పిన్ పడకూడదు. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా లాగి వదిలేస్తాడు. వేలు తీసి సేఫ్టీ తీస్తాడు, పిన్ పడకూడదు. సేఫ్టీని సగంలో ఆపి కూడా అలాగే చూస్తాడు. మడమని రబ్బరు మ్యాట్ మీద కొడతాడు, పడకూడదు. ఇవన్నీ అయ్యాక ట్రిగ్గర్ లాగితే మాత్రం పడాలి. ఒక్కటి తప్పినా పని పూర్తికాలేదని లెక్క.

ఆఖరున స్క్రూ కదలకుండా తల మీద ఒక చిన్న చుక్క లక్క. చిన్న చుక్కే! వాకర్ ట్రిగ్గర్ స్థానంలో అదే కంపెనీ ఎక్స్ మార్క్ ప్రో అనే కొత్తది తెచ్చింది. 2014లో దాన్ని కూడా వెనక్కి పిలవాల్సి వచ్చింది. తయారీలో ఇలాంటి జిగురు ఎక్కువ పడటమే కారణమని కంపెనీయే చెప్పింది.

యూజర్ తిప్పుకోవడానికే చేసిన ట్రిగ్గర్లు కూడా ఉన్నాయి. సావేజ్ వాళ్ల అక్యూట్రిగ్గర్ అలాంటిది. అందులో బయటివాళ్లకి అందేది బరువు ఒక్కటే. ఆనుడుని మార్చే అవకాశం ఇవ్వలేదు. ట్రిగ్గర్ మధ్యలో ఉన్న సన్నని బ్లేడుని కూడా నొక్కితేనే పేలుతుంది. సియర్ దానంతటది జారినా బ్లేడు దగ్గర ఆగిపోతుంది.

మన సంగతి

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవడానికే కాదు, రిపేరు చేయడానికీ లైసెన్సు కావాలి. కాబట్టి వీడియో చూసి స్క్రూడ్రైవర్ తీయకండి. షూటింగ్ రేంజ్‌కి వెళ్లేవాళ్లు, ఎన్‌సీసీలో ఉన్నవాళ్లు మాత్రం ఒకటి చేయొచ్చు. చేతికిచ్చిన తుపాకీ ఎప్పుడైనా వింతగా ప్రవర్తిస్తే మొహమాటపడకండి. "సార్, సేఫ్టీ తీస్తే పిన్ పడింది" అని వెంటనే కోచ్‌కి చెప్పండి. నీ వేలే తగిలి ఉంటుందిలే అని ఎవరైనా నవ్వినా సరే, దాన్ని పక్కన పెట్టించండి.

చివరగా, సేఫ్టీ అనేది ఒక యంత్రం. యంత్రం ఏదో ఒకరోజు తప్పుతుంది. ఆ రోజు కాపాడేది బ్యారెల్ ఎటు చూస్తోందన్నది ఒక్కటే. ఖాళీ చేసేటప్పుడైనా, తుడిచేటప్పుడైనా, ఊరికే పట్టుకున్నా, అది మనుషుల వైపు ఉండకూడదు. ట్రెయిలర్ అవతల ఎవరున్నారో మనకి కనిపించదు కదా.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.