మిద్దె మీద పట్టాలు, పట్టాల మీద కారు

గార్డెన్ రైల్వే అంటే టేబుల్ మీద తిరిగే బొమ్మ రైలు కాదు. జూ పార్కులో మనల్ని ఎక్కించుకుని తిప్పే టాయ్ ట్రైనూ కాదు. రెండింటికీ మధ్యలోది. పెరట్లో మొక్కల మధ్య, ఎండకీ వానకీ అక్కడే పడి ఉండే పట్టాలు, వాటి మీద రెండు చేతుల్లో పట్టేంత బండి. పట్టాల మధ్య దూరం సాధారణంగా 45 మిల్లీమీటర్లు. 1968లో జర్మనీకి చెందిన లేమన్ కంపెనీ ఎల్‌జీబీ పేరుతో ఈ సైజు రైళ్లు అమ్మడం మొదలుపెట్టాక ఈ సరదా చాలా దేశాలకి పాకింది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వైపు ఉండేవాళ్లకి ఇక్కడ రెండు చిక్కులు. ఒకటి, పెరడు లేదు. మనకున్నదల్లా మిద్దె. అక్కడే ట్యాంకు, అక్కడే బట్టల తీగలు, అక్కడే ఓనర్ ఆంటీ వడియాలు. రెండు, విదేశీ ఇంజిను తెప్పించుకోవడం స్టూడెంట్ జేబుకి అయ్యే పని కాదు. మొదటి చిక్కుకి మందు మన ఊళ్లోనే ఉంది. కుండీల్లో కూరగాయలు పండించే మిద్దె తోటలు ఇప్పుడు కాలనీకి నాలుగైనా కనిపిస్తాయి. ఆ కుండీల మధ్య రైలు తిరిగితే అదే గార్డెన్ రైల్వే. రెండో చిక్కుకి నా మందు ఇది: ఇంజిను కొనొద్దు, బొమ్మ కారుని పట్టాలెక్కించండి.

అది నకిలీ రైలు అయిపోతుంది కదా అని మావాళ్లే అన్నారు. కాదు. డబ్బుల్లేని రైల్వేలు నిజంగా చేసిన పని అదే. అమెరికాలోని కొలరాడో కొండల్లో రియో గ్రాండ్ సదరన్ అని మూడడుగుల గేజి లైను ఉండేది. 1930ల మాంద్యంలో ఆవిరి ఇంజిన్లు నడిపే ఖర్చు కూడా రాని స్థితికి వచ్చింది. కానీ పోస్టు మోసే కాంట్రాక్టు వదులుకుంటే లైను మూతపడుతుంది. అప్పుడు 1931లో వాళ్ల వర్క్‌షాపులో ఒక బ్యూక్ కారు తీసుకుని, రబ్బరు టైర్లు పీకి, రైలు చక్రాలు వేసి, వెనక సరుకుల పెట్టె తగిలించారు. తర్వాత పియర్స్ యారో కార్లతోనూ చేశారు. మొత్తం ఏడు బళ్లు. ఊగుతూ నడిచేవి, జనం వాటికి గాలపింగ్ గూస్, అంటే పరుగెత్తే బాతు, అని పేరు పెట్టారు. ఆ బాతులు దాదాపు ఇరవై ఏళ్లు లైనుని బతికించాయి.

మన దగ్గర ఈ కథ తిరగబడి జరిగింది. రైల్వే వాళ్లే రోడ్డెక్కారు. నిజాం స్టేట్ రైల్వే 1932లో రోడ్డు రవాణా విభాగం పెట్టి 27 బస్సులతో మొదలుపెట్టింది. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ డిపో ముందు మనం వేలాడే ఆర్టీసీ బస్సుకి ముత్తాత ఒక రైల్వే బస్సన్నమాట.

సరే, ఇప్పుడు అసలు లెక్క. ఏ బొమ్మ కారు తీసుకోవాలి? అందరూ చేతికి దొరికింది కొనేసి తర్వాత చక్రాల గురించి ఆలోచిస్తారు. తిరగేసి చెయ్యాలి. మన అంబాసిడర్‌నే తీసుకుందాం. అసలు కారులో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2464 మిల్లీమీటర్లు. మీ బొమ్మలో అదే దూరాన్ని స్కేలుతో కొలవండి. 66 వచ్చిందనుకోండి, 2464ని 66తో భాగిస్తే సుమారు 37. అంటే అసలుకి 37వ వంతు. ఇప్పుడు మన రైల్వే బ్రాడ్‌గేజి 1676ని అదే 37తో భాగించండి. 45 వస్తుంది! చిన్న బొమ్మ, 45 మిల్లీమీటర్ల పట్టాలు, సరిగ్గా మన మలక్‌పేట స్టేషన్ ముందున్న గేజి. ఇంత అందంగా కుదిరిందని సంబరపడే లోపే ఒక మెలిక.

అంబాసిడర్ ఒంటి వెడల్పు సుమారు 1660 మిల్లీమీటర్లు. బ్రాడ్‌గేజి 1676. అంటే మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య సందులో అంబాసిడర్ మొత్తం ఇరుక్కుని కూర్చోగలదు. దాన్ని పట్టాలెక్కించాలంటే చక్రాలు మడ్‌గార్డులు దాటి బయటికి రావాలి. బొమ్మలో కూడా అంతే, అటూ ఇటూ చెరో 5 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తాయి. కొలరాడో వాళ్లకి ఈ బాధ లేదు. వాళ్ల గేజి 914 మిల్లీమీటర్లే, చక్రాలు బండి కిందే దాక్కున్నాయి.

అందుకే నా ఓటు 24వ వంతు డైకాస్ట్ కారుకి. బొమ్మల షాపుల్లో పెట్టె మీద 1:24 అని రాసి ఉంటుంది, ఈ సైజులో చాలా మోడళ్లు దొరుకుతాయి. 45ని 24తో గుణిస్తే 1080. మీటర్‌గేజి కంటే కాస్త ఎక్కువ, అంతే. మీటర్‌గేజి మనకి పరాయిది కాదు, ఒకప్పుడు కాచిగూడ స్టేషన్‌లో ఆగిన బళ్లు ఆ గేజివే. ఈ సైజులో అంబాసిడర్ లాంటి కారు వెడల్పు 69 మిల్లీమీటర్లు ఉంటుంది. రైలు చక్రాల బయటి అంచుల మధ్య 55 చాలు. అన్నీ లోపలే సర్దుకుంటాయి.

చక్రాలు మాత్రం కొన్నవి కుదరవు, లేత్ మీద తిప్పించుకోవాలి. వనస్థలిపురం దాటాక ఆటోనగర్‌లో లారీ పనులు చేసే లేత్ షాపులు బోలెడు. అక్కడ ఫ్లాంజ్ అంటే ఒక అన్న నా మొహం చూశాడు. "కాలర్ అను తమ్మీ. కాలర్ లోపటికా, బయటికా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నలో సబ్జెక్టు సగం ఉంది. కాలర్ లోపలికే ఉండాలి. పట్టాల మధ్యకి దిగి, బండి పక్కకి జారకుండా పట్టుకునేది అదే. బొమ్మ గీసి ఈ కొలతలు రాసుకెళ్లండి: రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య 40 మిల్లీమీటర్లు, కాలర్ మందం ఒకటిన్నర, లోతు రెండున్నర, పట్టా మీద ఆనే భాగం 6. ఆనే భాగం చదునుగా కాకుండా బయటికి పోయేకొద్దీ కాస్త సన్నబడాలి, మూడు డిగ్రీల వాలు. వ్యాసం బొమ్మ కారు టైరు ఎంత ఉందో అంత పెట్టండి, సుమారు 26.

ఆ వాలు ఎందుకో తెలిస్తే మలుపులో ఏం జరుగుతుందో తెలుస్తుంది. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. దానికి కారులో డిఫరెన్షియల్ ఉంది. రైలులో రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, రెండూ ఒకే స్పీడులో తిరగాలి. అసలు రైలు ఈ తేడాని ఆ వాలుతో సరిచేసుకుంటుంది. మలుపులో ఇరుసు కొంచెం బయటికి జరుగుతుంది. అప్పుడు బయటి చక్రం తన లావు భాగం మీద, లోపలి చక్రం తన సన్న భాగం మీద దొర్లుతాయి. కిలోమీటరు వ్యాసార్థం ఉన్న మలుపుకి కొద్ది మిల్లీమీటర్ల జరుగుడు చాలు.

మన మిద్దె మీద మలుపు వ్యాసార్థం 900 మిల్లీమీటర్లు. ఇక్కడ రెండు పట్టాల పొడవుల మధ్య తేడా ఐదు శాతం పైనే. అంత తేడాని ఈ చిన్న చక్రం వాలు పూడ్చలేదు, పట్టుమని ఒక శాతం పూడుస్తుందేమో. మిగతాది చక్రం జారడమే. కిర్రుమని మొత్తుకుంటుంది, బ్యాటరీ తింటుంది. విరుగుడు సింపుల్: మోటారు లేని ఇరుసు మీద ఒక చక్రాన్ని బిగించకుండా వదులుగా తిరగనివ్వండి. మోటారు ఉన్న ఇరుసుకి మాత్రం రెండూ బిగించే ఉండాలి.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. నాలుగు కాళ్ల స్టూలు ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుంది, మూడు కాళ్లది ఊగదు. మన పట్టాలు ఎంత బాగా వేసినా కాస్త వంకర ఉంటాయి. నాలుగు చక్రాలూ గట్టిగా బిగించిన కారులో ఒక చక్రం గాల్లో తేలుతుంది, మలుపులో తేలిందంటే దిగిపోయినట్టే. కాబట్టి ముందు ఇరుసుని మధ్యలో ఒకే స్క్రూ మీద తక్కెడ కాడలా అటూ ఇటూ ఊగేలా పెట్టండి. స్టీరింగ్ మాత్రం తిరక్కుండా లాక్ చేసెయ్యాలి.

మోటారుకి ఎన్20 గేర్ మోటారు చాలు. కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, ఎల్‌బీ నగర్ నుంచి మెట్రోలో వెళ్లి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే దగ్గర. ఎన్ని ఆర్‌పీఎం అడగాలో లెక్క వేసుకుని వెళ్లండి. 26 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టుకి 82 మిల్లీమీటర్లు పోతుంది. నిమిషానికి 300 చుట్లంటే సెకనుకి 41 సెంటీమీటర్లు. 24తో గుణిస్తే అసలు సైజులో గంటకి 35 కిలోమీటర్లు. పాత కారు పట్టాల మీద పోయినట్టే ఉంటుంది. వెయ్యి ఆర్‌పీఎం కొన్నారంటే అది రైలు కాదు, మలుపులో రాకెట్. మోటారుని ఇరుసుకి సమాంతరంగా పెట్టి రెండు చిన్న పళ్లచక్రాలతో కలపండి, ఆ 40 మిల్లీమీటర్ల సందులో పడుతుంది. బండి బరువు ఎక్కువగా ఆ ఇరుసు మీదే పడేలా చూడాలి, లేకపోతే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి.

కరెంటు పట్టాల్లోంచి ఇవ్వాలా, బండిలో బ్యాటరీ పెట్టాలా? బ్యాటరీనే. లోహపు చక్రాలు, లోహపు ఇరుసు పెట్టి రెండు పట్టాలకీ ప్లస్, మైనస్ ఇస్తే నేరుగా షార్ట్ సర్క్యూట్. అది తప్పించుకున్నా, ఎల్‌బీ నగర్ రింగ్ రోడ్డు దుమ్ము రోజూ పట్టాల మీద పేరుకుంటుంది, పొద్దున్నే గుడ్డ పట్టుకుని తుడిచే ఓపిక ఎవరికుంది? ఒక 18650 సెల్లు, వోల్టేజి పెంచే చిన్న బూస్ట్ బోర్డు, మోటార్ డ్రైవరు, ఈఎస్‌పీ32. ఈ భాగం మీకు నేను చెప్పక్కర్లేదు. బండిని ఎండలో వదిలి కిందికి రావొద్దు, అదొక్కటే. డైకాస్ట్ బాడీ పెనంలా కాలుతుంది, లోపల ఉన్నది లిథియం సెల్లు.

బ్యాటరీ వల్ల ఇంకో పెద్ద లాభం, పట్టాలు ఇత్తడివే కావాలనే రూలు పోతుంది. 10 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న అల్యూమినియం ఫ్లాట్ కొని నిలువుగా నిలబెట్టండి. ఇటు 3 మిల్లీమీటర్లే కాబట్టి మలుపుకి చేత్తోనే వంగుతుంది. స్లీపర్లకి వడ్రంగి దగ్గర మిగిలిన టేకు ముక్కలు. ఒక్కోదానికి రెండు గాళ్లు కోసి ఫ్లాట్లని దిగ్గొట్టడమే. ముందు సరిగ్గా 45 మిల్లీమీటర్ల చెక్క ముక్క ఒకటి చేసుకుని ప్రతి స్లీపరు దగ్గరా దాంతో చూసుకోండి. మలుపులో ఒక అర మిల్లీమీటరు ఎక్కువున్నా మంచిదే, తక్కువ మాత్రం ఉండకూడదు.

ఎండ సంగతి. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి మీటరుకి 23 మైక్రాన్లు సాగుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్న పట్టా మే నెల మధ్యాహ్నానికి 40 డిగ్రీలు వేడెక్కితే మీటరుకి దాదాపు 1 మిల్లీమీటరు. చిన్నదే అనిపిస్తుంది. సందు లేకుండా బిగించిన ఆరు మీటర్ల చుట్టులో అది ఐదున్నర మిల్లీమీటర్లు, పోవడానికి చోటు లేక పట్టా పక్కకి పాములా వంగుతుంది. మీటరు ముక్కలుగా వేసి, చల్లటి పూట వేస్తే ఒక్కో అతుకు దగ్గర ఒక మిల్లీమీటరు సందు వదలండి. అతుకు ప్లేటులో ఒక వైపు బెజ్జం గుండ్రంగా, రెండో వైపుది పొడుగ్గా ఉండాలి. లాబ్‌లో థర్మల్ ఎక్స్‌పాన్షన్ రీడింగు రాసి సంతకం పెట్టించుకున్నాం కదా, అదే ఇది.

దిల్‌సుఖ్‌నగర్‌లో రెడీమేడ్ మినీ ప్రాజెక్టులు అమ్మే బోర్డులు మీరూ చూసే ఉంటారు. రిపోర్టుతో సహా ఇస్తారు. ఏసీ రూములో ఫ్లెక్సీ మీద లైన్ ఫాలోయర్ ఒక్కసారి తిరిగితే మార్కులు పడతాయి. మిద్దె మీద బండికి వైవా రోజూ ఉంటుంది. నిన్న తిరిగింది ఇవాళ ఎందుకు దిగిపోయిందో అది కొన్నవాడు చెప్పలేడు, తిప్పించినవాడు చెప్పగలడు.

మిద్దె ఓనర్‌ది అయితే ముందు ఒక మాట: స్లాబుకి డ్రిల్ పెట్టొద్దు. వాటర్‌ప్రూఫింగ్ పోయి కింద ఇంట్లో చెమ్మ దిగిందంటే రైలుతో పాటు మనమూ ఖాళీ చెయ్యాలి. సిమెంటు ఇటుకలు పేర్చి వాటి మీద బైసన్ బోర్డు పరిస్తే చాలు. ప్లైవుడ్ వద్దు, ఒక్క వానాకాలానికి ఉబ్బి పొరలు విడిపోతుంది. ఇటుకల్ని వాన నీళ్లు పోయే వాలుకి అడ్డంగా పెట్టకుండా మధ్య మధ్య సందులు వదలండి. దారి పిట్టగోడ వెంట పోతే ఎవరి కాలికీ తగలదు, వడియాలకీ చోటు మిగులుతుంది. అయితే గోడ వైపు బండి దిగిపోతే మూడంతస్తుల కింద గల్లీలో ఎవరి నెత్తినో పడొచ్చు. కాబట్టి పట్టాల ఎత్తు పిట్టగోడ సగానికి మించకూడదు.

మొదటి రోజే మోటారు పెట్టకండి. చక్రాలు, ఇరుసులు మాత్రమే ఉన్న చాసిస్‌ని వేలితో తోస్తూ చుట్టంతా తిప్పండి. ఎక్కడ పట్టేస్తుందో, ఎక్కడ ఎగురుతుందో వేలికే తెలుస్తుంది, అక్కడ సుద్దముక్కతో గీత పెట్టుకుని సరిచెయ్యండి. తర్వాత అదే చాసిస్ మీద కారు బాడీ బరువంత ఇసుక సంచి పెట్టి మళ్లీ తొయ్యండి. పది చుట్లు దిగకుండా తిరిగితే అప్పుడు మోటారు. వేసవిలో బండి తీసే టైము సాయంత్రం ఐదు తర్వాతే, అప్పటికి ట్యాంకు నీడ పట్టాల మీదకి వచ్చేస్తుంది.