ఒక క్రియ, రెండు ప్రక్రియలు: ‘కరగడం’ – ద్రావణీయత భావనల వివరణ

వ్యాససంగ్రహం:
తెలుగులో మంచూ కరుగుతుంది, పంచదారా కరుగుతుంది. రసాయనశాస్త్రం దృష్టిలో మొదటిది ద్రవీభవనం, రెండోది ద్రావణం ఏర్పడటం. వీటికి వాడుకలో క్రియ ఒక్కటే కావడం వల్ల తెలుగు మాధ్యమ విద్యార్థికి తొలి పాఠంలోనే తికమక కలిగే అవకాశం ఉంది. ఈ భేదాన్ని తెలుగు వాక్యం విభక్తి ద్వారా ఎలా సూచిస్తుందో పరిశీలించి, ద్రావణీయతకు సంబంధించిన ప్రాథమిక భావనలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కరగడం, ద్రావణి, ద్రావితం, ద్రావణీయత, సంతృప్తత, విభక్తి, శాస్త్ర పరిభాష.

1. ఉపోద్ఘాతం

శాస్త్రబోధనలో పారిభాషిక పదం కన్నా వాడుక పదమే ఎక్కువ చిక్కు తెస్తుంది. ‘ద్రావణీయత’ అనే మాట కొత్తది కనుక విద్యార్థి దాని అర్థం అడుగుతాడు. ‘కరగడం’ తనకు తెలిసిన మాటే కనుక అడగడు. “పంచదార కరిగింది” అన్నప్పుడు అది వెన్నలాగే ద్రవంగా మారిందని అతడు భావిస్తే, ఆ పొరపాటు బయటపడే సందర్భమే రాదు.

2. ద్రవీభవనం, ద్రావణం: భేదం

ద్రవీభవనంలో ఉండేది ఒకే పదార్థం. వేడికి దాని కణాల క్రమమైన అమరిక చెదురుతుంది. ఘనం ద్రవమవుతుంది, కొత్త పదార్థమేదీ వచ్చి చేరదు. సోడియం క్లోరైడ్ ఇలా కరగాలంటే సుమారు 801 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత కావాలి.

అదే ఉప్పు మామూలు నీటిలో క్షణాలలో కరుగుతుంది. ఉప్పు స్ఫటికంలో సోడియం, క్లోరైడ్ అయాన్లు పరస్పర విద్యుదాకర్షణతో కూడి ఉంటాయి. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కొద్దిగా రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొద్దిగా ధనావేశం ఉంటాయి. అందువల్ల నీటి అణువులు ఆయా అయాన్ల చుట్టూ చేరి వాటిని స్ఫటికం నుంచి వేరుచేస్తాయి. పంచదార విషయంలో అయాన్లు ఏర్పడవు. అణువులే విడివిడిగా నీటి అణువుల మధ్య సర్దుకుంటాయి. రెండు సందర్భాలలోనూ ఫలితం ఇద్దరు భాగస్వాములున్న సజాతీయ మిశ్రమం.

వాయువుల ఉదాహరణ ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తుంది. ఆక్సిజన్ నీటిలో కరుగుతుంది. అప్పటికే వాయువుగా ఉన్న దానికి ద్రవీభవనమనే ప్రసక్తే లేదు కదా.

3. విభక్తి చూపే దారి

క్రియ ఒకటే అయినా వాక్యాలు ఒకటి కావు. “వెన్న ఎండకు కరిగింది”, “పంచదార నీటిలో కరిగింది”. మొదటి వాక్యంలో ‘కు’ హేతువును చెబుతోంది. రెండో వాక్యంలో ‘లో’ భాగస్వామిని చూపుతోంది. సంప్రదాయ పట్టికలో ‘కు’, ‘లో’ రెండూ షష్ఠీ ప్రత్యయాలే అయినా, ఇక్కడ వాటి అర్థాలు వేరు.

అయితే ఈ సూచనను యాంత్రికంగా వాడరాదు. “బంగారం కొలిమిలో కరిగింది” అన్నప్పుడు ‘లో’ ఉన్నా జరిగింది ద్రవీభవనమే. కొలిమి అక్కడ చోటు మాత్రమే, కరిగిన బంగారంలో అది కలవలేదు. “మంచుముక్క నీటిలో కరిగింది” అన్నా అంతే. చివరికి మిగిలింది నీరనే ఒకే పదార్థం. కాబట్టి విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్న ఇది: ‘లో’ చేరిన పదార్థం ఫలితంలో వేరొక భాగస్వామిగా ఉందా, లేదా?

ఈ ప్రశ్న మరో సత్యాన్ని కూడా తెలుపుతుంది. ద్రావణీయత ఒక్క పదార్థానికే చెందిన గుణం కాదు, జంటకు చెందినది. కర్పూరం నీటిలో నామమాత్రంగానే కరుగుతుంది, కొబ్బరినూనెలో సులువుగా కరుగుతుంది. “కర్పూరం కరగదు” అనే వాక్యం ‘దేనిలో’ అన్నది చెప్పనంతవరకు శాస్త్రరీత్యా అసంపూర్ణమే.

4. పారిభాషిక పదాల నిర్మాణం

ద్రావణి, ద్రావితం, ద్రావణం అనే మూడు పదాలకూ మూలం పరుగెత్తడం, ప్రవహించడం అనే అర్థాలున్న ‘ద్రు’ ధాతువే. రూపసామ్యం వల్ల ఇవి తారుమారవుతుంటాయి. వ్యాకరణం ఇక్కడ ఉపకరిస్తుంది. ‘పఠితం’, ‘లిఖితం’ పదాలలో వలె ‘ద్రావితం’లోనిది క్త ప్రత్యయం. కనుక అది కరిగించబడినది. కరిగించేది ద్రావణి. ఆ రెండింటి కలయిక ద్రావణం. ఉప్పునీటిలో ఉప్పు ద్రావితం, నీరు ద్రావణి.

5. ఎంత? ఎంత త్వరగా?

నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద 100 గ్రాముల ద్రావణిలో కరగగల ద్రావితపు గరిష్ఠ పరిమాణాన్ని ద్రావణీయతగా చెబుతారు. కలియబెట్టడం, పొడిచేయడం వల్ల పదార్థం త్వరగా కరుగుతుంది, ఎక్కువగా కరగదు. ‘త్వరగా’ వేగానికి, ‘ఎక్కువగా’ ద్రావణీయతకు చెందిన మాటలు.

ఆ గరిష్ఠ స్థితిలోనిది సంతృప్త ద్రావణం. ‘తృప్తి’ అనే మాట చలనం ఆగిపోయిందన్న భ్రమ కలిగించవచ్చు. అడుగున ఘనపదార్థం మిగిలి ఉన్న సంతృప్త ద్రావణంలో కరగడమూ, తిరిగి స్ఫటికంలో చేరడమూ సమాన వేగంతో సాగుతూనే ఉంటాయి. ఆగినట్లు కనిపించేది ఆ సమతాస్థితి వల్లనే.

ఉష్ణోగ్రత ప్రభావం అన్ని పదార్థాలపైనా ఒకేలా ఉండదు. 20 డిగ్రీల వద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. 100 డిగ్రీల వద్ద కూడా అది 39 గ్రాములకే చేరుతుంది. సురేకారం, అంటే పొటాషియం నైట్రేట్, 20 డిగ్రీల వద్ద సుమారు 32 గ్రాములు కరిగితే, 60 డిగ్రీల వద్ద దాదాపు 110 గ్రాములు కరుగుతుంది. అంటే 60 డిగ్రీల సంతృప్త ద్రావణాన్ని 20 డిగ్రీలకు చల్లారిస్తే 78 గ్రాముల వరకు స్ఫటికాలు రావచ్చు. ఆక్సిజన్ వంటి వాయువుల విషయంలో ఇది తలకిందులు. గాలి తాకుతున్న మంచినీటిలో లీటరుకు 0 డిగ్రీల వద్ద సుమారు 14.6 మిల్లీగ్రాములు కరిగే ఆక్సిజన్, 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మిల్లీగ్రాములే కరుగుతుంది.

నౌపడ, చినగంజాం తీరాల ఉప్పుమడులలో ఎండను ఎందుకు నమ్ముకుంటారో ఈ అంకెలే చెబుతాయి. చల్లార్చి ఉప్పును రాబట్టడం లాభసాటి కాదు. నీటిని ఆవిరి చేయాలి. కిలో సముద్రజలంలో ఉండే లవణాలు సుమారు 35 గ్రాములే. ఆ నీరు దాదాపు పదోవంతుకు తగ్గినప్పుడు గాని ఉప్పు స్ఫటికాలు మొదలుకావు. వంటింట్లో లేతపాకం, తీగపాకం, ఉండపాకం అనే క్రమం కూడా నీరు తగ్గుతూ గాఢత పెరిగే ఇటువంటి వరుసే.

6. ముగింపు

‘కరగడం’ అనే మాటను పాఠం నుంచి తొలగించనక్కరలేదు. “దేనికి కరిగింది? దేనిలో కరిగింది? చివరికి మిగిలినవి ఎన్ని పదార్థాలు?” అనే మూడు ప్రశ్నలను దానికి జోడిస్తే చాలు. పారిభాషిక పదం భావనకు పేరు పెడుతుంది. ఆ భావనకు చేరే దారిని విద్యార్థి ఇంట్లో మాట్లాడే వాక్యమే చూపగలదు. భాషాధ్యాపకులు, శాస్త్రాధ్యాపకులు కలిసి ఇటువంటి వాడుక క్రియలను పరిశీలిస్తే తెలుగులో శాస్త్రబోధనకు అది నేరుగా ఉపయోగపడుతుంది.